బల్ల మీద పడుకోని పర్సు

ఉదయగిరి వెళ్లొచ్చానని చెప్పగానే మా తణుకులో ప్రతివాళ్లూ అడిగిన మొదటి మాట, "కోట ఎక్కారా?" అని. ఎక్కలేదు. ఉన్న రెండు రోజులూ ఆ కొండ నా వంక చూస్తూనే ఉంది, నేనూ దాని వంక చూస్తూనే ఉన్నాను. అంతకు మించి మా మధ్య ఏమీ జరగలేదు. రాజులూ ఫిరంగులూ కావలసినవాళ్లు వేరే పుస్తకం చూసుకోవాలి. నేను అంత దూరం వెళ్లింది నా పర్సుకు అస్తరు మార్పించడానికి.

నవ్వండి. మా ఇంట్లో కూడా నవ్వారు.

ఆ పర్సు చరిత్ర కొంచెం చెప్పాలి. పంతొమ్మిదేళ్ల కిందట టైపు పరీక్షల పని మీద నెల్లూరు వెళ్లినప్పుడు ఒక ఎగ్జిబిషన్‌లో కొన్నాను. ముదురు గోధుమరంగు తోలు, లోపల మెత్తటి గొర్రెతోలు అస్తరు, ఒక మూల వేలిగోరంత 'ఉ' అక్షరం ముద్ర. ఉదయగిరి సరుకని అమ్మినవాడు చెప్పాడు. అప్పటినుంచి నేను కూర్చున్న ప్రతి కుర్చీలోనూ నాకంటే ముందు అది కూర్చుంది. ఒకసారి గోస్తనీలో పడి మూడో రోజున దొరికింది. నేనే పడి ఉంటే దొరికేవాణ్ణి కాదు. ఒకసారి జేబుదొంగ కొట్టేసి, లోపల ఎంతుందో చూసి, జాలిపడి, వెనక్కి తెచ్చి ఇచ్చాడు. ఇన్ని జరిగినా పైతోలు నాకంటే నిగనిగలాడుతూ ఉంది. లోపలి అస్తరు మాత్రం ఎప్పుడో ఒక మూల విడిపోయి, ఈ ఎండాకాలం పూర్తిగా చినిగిపోయింది. పావలా వేస్తే అస్తరుకూ తోలుకూ మధ్యకు జారిపోతుంది, ఎంత దులిపినా బయటికి రాదు. అంచు కూడా పొరలుపొరలుగా విడిపోయి గట్టున పడ్డ చేపలా నోరు తెరిచింది.

మా బావమరిది సత్యం ఒకరోజు మా టైపు ఇన్‌స్టిట్యూట్‌కు వచ్చి, నా కుర్చీలో కూర్చుని, చచ్చిన ఎలకను తోకపట్టి ఎత్తినట్టు ఆ పర్సును రెండు వేళ్లతో ఎత్తాడు. "పారెయ్యి బావా. ముప్పై అయిదు రూపాయలకు కొత్తది వస్తుంది," అన్నాడు. మధ్యలో ఊపిరి కూడా తీసుకోకుండా, "ఈ ఇన్‌స్టిట్యూట్ కూడా తీసెయ్యి. కంప్యూటర్లు వచ్చేస్తున్నాయి, ఇంకా ఈ డబడబలు ఎవడికి కావాలి?" అన్నాడు.

విడివిడిగా అని ఉంటే రెండూ భరించేవాణ్ణి. ఒకే ఊపిరిలో అనేసరికి పర్సుకూ నాకూ కలిపి ఉరిశిక్ష వేసినట్టయింది. ఇది ఎవరి చేతిలో పుట్టిందో వాళ్ల చేతే బాగుచేయించి, నీ ఎదురుగా ఈ బల్ల మీద పెట్టకపోతే అప్పుడు ఇన్‌స్టిట్యూట్ మూసేస్తానని ఎనిమిది టైపు మిషన్ల సాక్షిగా శపథం చేసి, మర్నాడే బయలుదేరాను.

నెల్లూరు దాటిన బస్సు

ఆత్మకూరు బస్సులో నా పక్క సీటాయన ఒళ్లో ఒక గుమ్మడికాయ ఉంది. న్యాయంగా చెప్పాలంటే సీటులో మూడొంతులు గుమ్మడికాయది. మిగిలిన వంతు ఆయనా నేనూ పంచుకున్నాం.

"ఏంది సారూ, యాడికి?" అన్నాడు.

"ఉదయగిరండి."

"కోటకా?"

"పర్సుకండి."

ఆయన కాసేపు గుమ్మడికాయతో ఆలోచించి, "యాదీ, ఇట్టియ్యి," అన్నాడు.

మా వైపు బస్సులో పర్సు పైకి తీయడమంటే దానికి వీడ్కోలు చెప్పడమే. కానీ ఆ "ఇట్టియ్యి"లో ఎంత అధికారం ఉందంటే తీసి ఇచ్చేశాను. మేము గోదావరి జిల్లాల వాళ్లం తిట్టేటప్పుడు కూడా 'అండి' తగిలిస్తాం. వీళ్లు అన్నం పెట్టేటప్పుడు కూడా 'అండి' వాడరు, కానీ పెడతారు. ఆయన పర్సును వాసన చూసి వెనక సీటుకు ఇచ్చాడు. వెనక సీటు పక్క సీటుకు ఇచ్చింది. "తోలు ఇంకా పదేళ్లు గ్యారంటీ," అని ఒకరు. "కుట్టు చూడు, చీమ నడిచినట్టు ఎంత సన్నంగా ఉండాదో," అని ఒకామె. అలా చేతులు మారుతూ కండక్టరు దాకా, అక్కణ్ణించి డ్రైవరు దాకా వెళ్లింది. డ్రైవరు ఒక చేత్తో స్టీరింగు, ఒక చేత్తో నా పర్సు పట్టుకుని, రెండు మలుపులూ ఒక ఎద్దులబండీ దాటాక తీర్పు చెప్పాడు:

"ఇది ఉదయగిరి రూతమ్మ పని. ఆ 'ఉ' ముద్ర ఆమెదే. ఆత్మకూరులో రమణయ్య ఫ్యాన్సీ అంగట్లో అడగమను, ఇల్లు యాడో చెప్తాడు."

యాభై చేతులు తిరిగి పర్సు నా దగ్గరికి వచ్చింది. గబుక్కున తెరిచి చూసుకున్నాను, చూసుకున్నందుకు సిగ్గుపడ్డాను. ఉన్నవన్నీ ఉన్నాయి. పైగా ఎవరిదో ఒక వక్కపలుకు కలిసింది.

ఆత్మకూరు: గాజు బీరువా

బస్సు దిగగానే భోజనం. పన్నెండు రూపాయలు, అన్నానికి హద్దు లేదు. చేపల పులుసు మాదేనని పుట్టినప్పటినుంచీ నమ్ముతున్నవాణ్ణి, ఇక్కడ మామిడికాయ ముక్క వేసిన పులుసు మొదటి ముద్దకే నా నమ్మకం వదులైపోయింది, అయిదో ముద్దకు మతం మారిపోయాను. మెస్సు నడిపే ఆమె ఇంకో ముక్క వడ్డిస్తూ, "సోమశిల డ్యాము చేప సారూ. మా ఊరు ఆ నీళ్ల కిందనే ఉండాది. మా పెరట్లో మేసి వచ్చిందనుకొని తిను," అంది. నవ్వుతూనే అంది. నేను ఆ ముక్క ముల్లుతో సహా మర్యాదగా తిన్నాను.

రమణయ్య ఫ్యాన్సీ అంగడి బస్టాండుకు ఎదురుగానే ఉంది. దువ్వెనలు, రిబ్బన్లు, బెల్టులు, అన్నిటికీ మధ్యలో ఒక గాజు బీరువా. ఆ గాజు మీద ఈగ వాలినా జారిపడుతుంది, అంత తుడుస్తాడు. యాభై ఏళ్ల మనిషి, మెడ చుట్టూ పౌడరు. నా పర్సు చూడగానే నిట్టూర్చాడు.

"రూతమ్మ దగ్గరికా? పోండి. పోయి మీరన్నా చెప్పండి, నా మాట వినే మనిషి కాదు."

"ఏమైందండీ?"

జవాబుగా ఆయన బీరువాలోంచి మద్రాసు నుంచి వచ్చిన పర్సు ఒకటి తీసి, విప్పి గాజు మీద పెట్టాడు. ముందు బెంచీ విద్యార్థిలా బల్లపరుపుగా పడుకుంది. తర్వాత కౌంటరు కిందనుంచి ఇంకో పర్సు తీశాడు. కొత్తది, నా దానికి చెల్లెలిలా ఉంది, మూల 'ఉ' ముద్ర. దాన్నీ విప్పి పెట్టి చెయ్యి తీశాడు. అది ఒక్క క్షణం ఆలోచించి, మెల్లగా, విసుగు పుట్టించే ఉపన్యాసం వింటున్నవాడు కళ్లు మూసుకున్నట్టు, తనంతట తానే మూసుకుంది.

"చూసినారా? ఎన్నిసార్లు తెరిచినా ఇంతే. గిరాకీ వచ్చి గాజులో చూస్తే లోపలి అరలు కనపడాల్నా వద్దా? ఇది మూతి ముడుచుకొని కూచుంటాది."

"ఎందుకలా?"

"అస్తరు అంటించే తీరు అట్టాంటిది. తోలును బల్ల మీద పరిచి అంటించమని చెప్పి చెప్పి నా నోరు పడిపోయింది. మడిచిపెట్టి అంటిస్తాది. రెండు డజన్లకు ఆర్డరిచ్చినా, శనివారం తెస్తానన్నింది. గాజులో పడుకునేటట్టు చేసి తెస్తే తీసుకుంటా. లేకుంటే ఈ మెట్టు ఇంక ఎక్కొద్దని కబురు పంపినా."

అంటూనే తన జేబులోంచి సొంత పర్సు తీసి, డబ్బులూ చీటీలూ గల్లాపెట్టెలో గుమ్మరించాడు. "మీరెట్టాగూ పోతా ఉండారు కదా. ఇది కూడా ఆమెకియ్యండి, అస్తరు చినిగింది. ఆమె చేసిందే, పదిహేనేళ్లయింది కొని. ఇంత మంచి పర్సు నేను మళ్లీ చూళ్లేదు."

"ఎలా చెయ్యమనమంటారు?"

"ఎట్ట చెయ్యాల్నో ఆమెకు తెలుసు."

ఖాళీ పర్సును విప్పి గాజు మీద పెట్టి, కాగితంలో చుట్టడానికి పేపరు కోసం అటు తిరిగాడు. ఆయన తిరిగేలోగా అది మెల్లగా మూసుకుంది. పేపరు తెచ్చి చుట్టి ఇచ్చాడు. పదిహేనేళ్లుగా మూసుకుంటున్నదాన్ని ఆయన ఒక్కసారి కూడా చూడలేదు. నేను చూశాను, కానీ పరాయి ఊళ్లో మొదటి రోజే తగువెందుకని నోరు మూసుకున్నాను.

ఉదయగిరి: మోచెయ్యి పాఠం

ఉదయగిరి ఎండ గురించి తక్కువ చేసి చెబుతాను: బస్సు దిగగానే నా నీడ నన్ను వదిలేసి పరిగెత్తుకెళ్లి గోడవార నిలబడింది. దాన్ని వెతుక్కుంటూ వెళ్లిన వీధిలో ఇంటింటా కొయ్య చెంచాలు చెక్కుతున్నారు. మా ఊళ్లో చెంచా అంటే స్టీలుది, వంకర పోయేది. ఇక్కడ అయిదు రూపాయల చెంచా మీద కూడా పెళ్లికూతురి చెయ్యంత పని ఉంది. ఒకటి కొన్నాను. అది ఇప్పటికీ కూరలో పెట్టలేదు, దేవుడి దగ్గర పెట్టారు మావాళ్లు.

చర్చి వెనక సందులో రూతమ్మ ఇల్లు. అరవై అయిదేళ్లుంటాయి, దారంతో కట్టిన కళ్లజోడు, వసారాలో గోనె మీద కూర్చుని ఉంది. వాళ్లాయన తోలు కోస్తే ఈమె అస్తరు వేసి, కుట్టి, అంచు తీసేదట. ఆయన పోయి మూడేళ్లు. ఇప్పుడు కోతా, కుట్టూ, అంచూ అన్నీ ఈమే.

పర్సు తీసుకుని, వాసన చూసి, మూల మీద బొటనవేలు నడిపింది. "నాదే. ఈ మూల కుట్టు రవ్వంత వంకర పోయింది చూడు. ఆ పొద్దు నాకు జొరం."

పంతొమ్మిదేళ్ల కిందటి జ్వరం. కోతలు కోయడంలో ఎవరికీ తీసిపోని నాకే అది ఎక్కువనిపించింది. తర్వాత ఆలోచిస్తే, మా ఊళ్లో ఏ అర్జీ ఏ మిషను మీద టైపయిందో ఒక అక్షరం కిందికి జారిన తీరు చూసి నేనూ చెప్పగలను. నమ్మాను.

"టీ పెడతా. తాగుతావా సారూ, లేకుంటే అంగట్లో తాగొచ్చినా అంటావా?" అంది కళ్లజోడు పైనుంచి చూస్తూ. ఆ మాటలో ముల్లు ఎక్కడుందో నాకు తెలుసు. ఈ గుమ్మంలో ఎంతమంది అంగట్లో తాగొచ్చామన్నారో ఆమెకు తెలుసు. రెండు గ్లాసులు తాగాను. రెండోదానిలో బెల్లం ఎంత ఉందంటే చెంచా నిలబడింది, అయినా తాగాను.

బ్లేడు మొనతో కుట్లు తెంపి, తడిబట్ట అద్ది, పాత అస్తరును నిదానంగా లేవదీసింది. కింద ఒక మ్యూజియం బయటపడింది. పదకొండు పావలాలు, ఒక సినిమా టిక్కెట్టు ముక్క, నాలుగు మడతలు పెట్టిన పదిరూపాయల నోటు. ఆ నోటు చూడగానే నాకు చెమట పట్టింది. అది పదిహేడేళ్ల కిందట మా ఇంట్లో మాయమైన నోటు. ఆరోజు ఇంటికొచ్చినవాడు సత్యం ఒక్కడే. అప్పటినుంచి వాడు గుమ్మం ఎక్కితే నేను జేబు మీద చెయ్యి వేసుకుంటున్నాను.

"ఏంది, దయ్యాన్ని చూసినట్టు అట్ట చూస్తావు?" అంది రూతమ్మ. చెప్పాను. భుజాలు ఊగేలా నవ్వింది. "అస్తరు తప్పు, మనిషి మీద వేసినావా."

ఆ నవ్వులో ధైర్యం తెచ్చుకుని రమణయ్య సంగతి ఎత్తాను. పర్సులు పడుకోకపోతే ఏం నష్టం, పడుకుంటే ఏం నష్టం అని అడిగాను.

"నీ మోచెయ్యి మడుచు," అంది.

మడిచాను.

"లోపలి పక్క చర్మం ముడత పడిందా? బయటి పక్క సాగిందా? పర్సూ అంతే. బయట తోలు ఎక్కువ కావాల, లోపల తక్కువ చాల్తాది. పరిచి అంటిస్తే రెండూ ఒకే కొలత. మడిచినప్పుడు లోపల మిగిలిపోయిన తోలు యాడికి పోతాది? ముడతలు పడతాది. ఆ ముడతలోనే చినుగుతాది. అందుకని బియ్యపు గింజంత తక్కువ కోసి, మడతలో పెట్టే అంటించాల. పర్సు బతికేది జేబులో. జేబులో మడిచే ఉంటాది. గాజులో పడుకునేదానికి అదేమన్నా మంచం ఎక్కిందా?"

వసారా మూల ఒక గుడ్డసంచి ఉంది. అందులో రెండు డజన్లూ తయారుగా ఉన్నాయి. అన్నీ మడతలో అస్తరు వేసినవే.

"శనివారం రమణయ్య వద్దంటేనో?"

చేతిలో ఉన్న కొయ్యముక్క చూపించింది. బొటనవేలంత లావు, నడుమ గాడి. చెంచాల వీధిలో వాళ్లాయన చెక్కించి తెచ్చింది. అంచులన్నీ దానితోనే రుద్దుతుంది. "ఇప్పుడు నా సరుకు కొనేది ఆ అంగడొకటే. ఆయనా వద్దంటే ఈ కర్ర పొయ్యిలో పెడతా. బస్టాండులో కూచొని చెప్పులకు మేకులు కొట్టుకుంటా, దాంట్లో సిగ్గేముండాది. పడుకునే పర్సు మాత్రం నా చేత్తో చెయ్యను."

నేను మధ్యవర్తిగా ఒక ఆరు పర్సులు పరిచి చేసి, మిగతావి మీ పద్ధతిలో చేస్తే పోలేదా అన్నాను. రూతమ్మ ఆ కర్రను పక్కన పెట్టింది. "నువ్వేం పని చేస్తావు నాయనా?" అంది.

"టైపు నేర్పుతానండి. కంప్యూటర్లు వస్తున్నాయి, మూసెయ్యమంటున్నారు."

"నేర్చుకునేదానికి ఎవరన్నా వస్తా ఉండారా?"

"ఇరవై రెండు మంది."

"మరి ఎందుకు మూసేది?"

ఆ తర్వాత నేను ఆరు పర్సుల మాట మళ్లీ ఎత్తలేదు.

గరిటెడు మైదా ఉడికించి, పురుగు పట్టకుండా చిటికెడు మైలుతుత్తం వేసి జిగురు చేసింది. నా పర్సును గుండ్రటి కర్ర మీద వంచి, మోకాలికి ఆనించి, కొత్త గొర్రెతోలు అస్తరును నడుమనుంచి చివరలకు అంటిస్తూ పోయింది. గుడ్డపేలికతో కట్టి నీడన పెట్టింది. తర్వాత నేను తెచ్చిన రమణయ్య పర్సు తీసుకుంది. నేల మీద పలక పరిచి, దాన్ని పలక మీద బల్లపరుపుగా విప్పి, అస్తరు సమానంగా కోసి, సాపుగా అంటించింది.

"అమ్మా, అది పరిచి అంటిస్తున్నారే?"

"ఎట్ట చెయ్యాల్నో ఆయనే కబురు పంపినాడు కదా," అంది తల ఎత్తకుండా.

లొంగిపోయిందేమో అనుకున్నాను. అంతటి మోచెయ్యి పాఠం చెప్పిన మనిషి, సొంత గిరాకీ విషయానికొచ్చేసరికి మెత్తబడిందేమో అని ఆ పూట మెస్సులో దోశ కూడా రుచించలేదు. మూడే తిన్నాను.

పెదవి పరీక్ష

మర్నాడు అంచులు. అంచు పని చూడనివాళ్లకు చెబుతున్నాను: అది కుట్టు అయ్యాక మొదలవుతుంది, ఎప్పుడు పూర్తవుతుందో దానికే తెలియదు. ముందు కత్తితో పొరలన్నీ ఒక గీతకు తెస్తుంది. సీసాపెంకుతో గీకుతుంది. ఇనపముక్కలు బెల్లం నీళ్లలో నానబెట్టిన నలుపు పూస్తుంది. తుమ్మజిగురు నీళ్లు అద్ది, ఆ గాడి కర్రతో రుద్దుతుంది. మైనం పట్టించి గుడ్డతో మళ్లీ రుద్దుతుంది. అప్పుడు ఆ అంచును కింది పెదవి మీద అటునుంచి ఇటు నడిపిస్తుంది. వేళ్లు కాయలు కాసి అబద్ధం చెబుతాయట, పెదవి చెప్పదట. గరుకు తగిలిందా, మళ్లీ మొదటికి.

"మద్రాసువాటికి అంచుకు రంగు పూసేస్తారు కదండీ?"

"పూసింది పెచ్చులూడతాది. ఇది రుద్దింది. రుద్దింది యాడికి పోతాది?"

నా పర్సుకు రెండంగుళాల అంచు నన్నే రుద్దమంది. ఆ రెండంగుళాలకు నేను పడ్డ శ్రమతో గోదావరి మీద ఇంకో వంతెన కట్టొచ్చు. మూడుసార్లు నా పెదవికి చూసుకుని ఇంక అయిందన్నాను. ఆమె తన పెదవికి ఆనించి, "నిప్పు రాజెయ్యొచ్చు," అంది. నాలుగోసారి నలుపు గిన్నె నా తెల్ల ప్యాంటు మీద పడింది.

"కడిగితే పోతుందా అమ్మా?"

"పోతే అది నలుపెట్టా అయితాది?"

మధ్యాహ్నం రాగిసంగటి, శనక్కాయల పచ్చడి పెట్టింది. మా ఇళ్లలో అతిథికి తెల్లన్నం పెట్టకపోతే తక్కువ చేసినట్టు. ఇక్కడ నల్లటి సంగటి ముద్ద మధ్యలో గుంట చేసి నెయ్యి పోస్తే, తెల్లన్నమే తక్కువ చేసినట్టనిపించింది. ముద్ద కొబ్బరికాయంత ఉంది. రెండోది వద్దనడానికి నోరు ఖాళీ లేక తినేశాను.

సాయంత్రానికి నా అంచు ఆమె పెదవి పరీక్ష పాసయింది. రెండంగుళాలు నావి, మిగతా అంతా ఆమెది. తేడా ఎక్కడుందో మీరు కళ్లు మూసుకుని కూడా చెప్పగలరు.

మళ్లీ ఆత్మకూరు: శనివారం

బస్సులో గుడ్డసంచి నా ఒళ్లో, రూతమ్మ కిటికీ పక్కన. గాడి కర్ర కొంగు ముడిలో ఉంది. నేను ఇరవై నాలుగు పర్సుల భవిష్యత్తు మోస్తూ, ప్రతి గుంటకీ వాటికి దెబ్బ తగులుతుందేమోనని సంచిని చంటిబిడ్డలా ఎత్తి పట్టుకున్నాను.

అంగట్లో ఒకామె జడపిన్నులు బేరమాడుతోంది. రమణయ్య సంచి వంక చూశాడు. "ముందు నాది చూపించు," అన్నాడు.

రూతమ్మ ఇచ్చింది. ఆయన విప్పి గాజు మీద పెట్టాడు. బల్లపరుపుగా పడుకుంది. కదల్లేదు. రమణయ్య మొహం పండగ రోజు గుమ్మంలా వెలిగిపోయింది.

"అదీ. చేస్తే ఎట్టుంటాదో చూసినావా? ఇన్నాళ్లు నన్ను రాచిరంపాన పెట్టినావు."

గల్లాపెట్టెలోంచి డబ్బులూ చీటీలూ తెచ్చి సర్దుకుని, మడిచి జేబులో పెట్టబోయాడు. పర్సు విచ్చుకుంది. మళ్లీ మడిచాడు. మళ్లీ విచ్చుకుంది. అరచేత్తో గట్టిగా నొక్కి జేబులోకి తోశాడు. జేబు ఉబ్బి, పక్కనుంచి యాభై నోటు ఒకటి తల బయటపెట్టి వీధి చూసింది. బయటికి లాగి తెరిచి చూస్తే, మడత దగ్గర కొత్త అస్తరు మూడు వరసల ముడతలు పడి అరల మూతులన్నీ నోళ్లు తెరిచి ఉన్నాయి.

"ఏంది రూతమ్మా ఇది?"

"నువ్వు చెప్పినట్టే చేసినా. బల్ల మీద పరిచి."

"నేను చెప్పింది అంగట్లోవాటికి. ఇది నా జేబులోది."

"అంగట్లోవి మాత్రం యాడికి పోతాయి రమణయ్యా? ఎవురో ఒకరి జేబులోకే కదా."

జడపిన్నులామె బేరం ఆపింది. రమణయ్య పర్సు వంక చూశాడు, గాజు వంక చూశాడు. మొన్న ఆమె లొంగిపోయిందనుకున్న నేను, గుడ్డసంచి వెనక మొహం దాచుకున్నాను.

"సరే," అన్నాడు చివరికి, చుట్టూ ఎవరెవరు విన్నారో చూసుకుని. "ఒక అరడజను పెట్టు. చూస్తాం."

"ఆర్డరు రెండు డజన్లు."

"రెండు డజన్లు ఎట్ట పెట్టేది తల్లీ, గాజులో అన్నీ మూసుకొని కూచుంటే?"

"ఇరవై నాలుగూ పెట్టుకో, లేకుంటే ఒకటీ వద్దు." నా చేతుల్లోంచి సంచి లాక్కుని భుజాన వేసుకుంది. మెట్టు దాకా వెళ్లింది. కొంగు ముడి మీద చెయ్యి పడింది. ఆ క్షణంలో నాకు పొయ్యి కనిపించింది, పొయ్యిలో గాడి కర్ర కనిపించింది.

"ఉండు," అన్నాడు రమణయ్య. "గాజులో ఎట్ట పెట్టాల్నో అది చెప్పి పో."

రూతమ్మ వెనక్కి వచ్చింది. సంచిలోంచి ఒకటి తీసి, సగం తెరిచి, అంచుల మీద నిలబెట్టింది, చిన్న గుడారంలా. మూసుకోలేదు. పక్కన ఇంకోటి. ఇంకోటి. అస్తరూ అరలూ కనిపిస్తున్నాయి, నల్లటి అంచులు అద్దంలా మెరుస్తున్నాయి. ఇరవై నాలుగు గుడారాలు, ఒక దండు దిగినట్టు. వాటి మధ్య మద్రాసు పర్సులు ఇంకా పడుకునే ఉన్నాయి. జడపిన్నులామె వంగి చూసి, "నిలబడుండేది ఎంత?" అంది. పడుకున్నవాటి ధర అడగలేదు.

రూతమ్మ రమణయ్య పర్సు ఖాళీ చేయించి తన సంచిలో వేసుకుంది. "అస్తరు ఊడదీసి మళ్లీ వెయ్యాల. వచ్చే నెల."

"వచ్చే నెలా? అప్పటిదాకా డబ్బులు యాడ పెట్టుకునేది?"

"ఇన్ని ఉండాయి కదా," అంది గాజు వంక గడ్డం చూపించి. "తొంబై రూపాయలు. ఒకటి కొనుక్కో."

కొనుక్కున్నాడు. ఆ గుడారాలకు మొదటి గిరాకీ ఆయనే.

తణుకు

సోమవారం పొద్దున సత్యం వచ్చాడు. ముందు వాడి చేతిలో పదిరూపాయల నోటు పెట్టాను. "ఎందుకు?" అన్నాడు. "నీదే," అన్నాను. అంతకు మించి చెప్పలేదు. క్షమాపణ అడిగితే ఏడాది పొడుగునా అదే చెప్పుకుంటాడు, వాడి సంగతి నాకు తెలుసు.

శపథం ప్రకారం పర్సు బల్ల మీద పెట్టాను. వాడు అంచు మీద వేలు నడిపాడు. కింది పెదవికి ఆనించుకోమంటే వింతగా చూశాడు గాని ఆనించుకున్నాడు. విప్పి బల్ల మీద పెట్టాడు. అది మూసుకుంది. మళ్లీ విప్పాడు. మళ్లీ మూసుకుంది.

"ఏంటి బావా ఇది, చెప్పిన మాట వినదు?"

"వినదు," అన్నాను.

ఆరున్నరయింది. అవతలి గదిలో మొదటి బ్యాచి పిల్లలు ఒక్కసారిగా మొదలుపెట్టారు, ఎనిమిది మిషన్లూ ఒకే ఊపున. సత్యం ఇంకా ఏదో అంటూనే ఉన్నాడు. పెదవులు కదులుతున్నాయి గాని, ఆ డబడబల్లో నాకేమీ వినిపించలేదు.